.45-70 లీవర్ తుపాకితో జింకల వేట: సొంత తూటా తయారీ నుంచి మాంసం ఇంటికి చేరే దాకా

ఒహాయోలో జింకల వేట కోసం .45-70 లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ కింది లీవర్ తిప్పి తూటా ఎక్కించే తుపాకి) కొన్న కొత్తవాళ్లు మొదట చేసే పని, షాపులో దొరికేవాటిలో కల్లా గట్టి తూటాలు కొనడం. నాలుగు పేల్చేసరికి భుజం వాస్తుంది. ఐదోసారికి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతాయి. తర్వాత తుపాకి అల్మారాలోకి వెళ్తుంది. నిజానికి ఈ తుపాకికి వేగంతో పనిలేదు. బరువైన బుల్లెట్, మెత్తటి లోడు, వంద గజాల లోపు దూరం ఉంటే చాలు. ఆ మెత్తటి లోడు మీకు నచ్చినట్టు కావాలంటే తూటాలు మీరే తయారు చేసుకోవడం మంచి దారి.

ఈ గైడులో తూటా అంటే పేల్చడానికి సిద్ధంగా ఉన్న మొత్తం. కేసు అంటే ఇత్తడి గొట్టం, బుల్లెట్ అంటే ముందు నుంచి వెళ్లే సీసం ముక్క, మందు అంటే తుపాకి మందు, ప్రైమర్ అంటే కేసు అడుగున ఉండి మందుని అంటించే చిన్న మూత. లోడు అంటే ఒక తూటాలో ఏ బుల్లెట్, ఏ మందు, ఎంత అన్న లెక్క.

ముందు కాగితాలు చూసుకోండి

సిటిజన్లకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ పెద్ద చిక్కు లేదు. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడ ఆగి చదవాలి. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలోకి వచ్చినవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. షాపులో తుపాకి కొనడానికి 4473 అనే ఫెడరల్ ఫారం నింపేటప్పుడు దాన్నే చూపించాలి. లైసెన్స్ గడువు అయిపోతే మినహాయింపు కూడా పోయినట్టే. తుపాకి మాత్రం ఇంట్లోనే ఉంటుంది కదా, చిక్కంతా అక్కడే. అందుకని రెన్యువల్ తేదీని ఫోన్‌లో పెట్టుకోండి. వీసా స్టేటస్ మారే మధ్యలో ఉంటే ఇమిగ్రేషన్ లాయర్ని ఒక మాట అడిగాకే ముందుకెళ్లండి. ఫ్రెండ్ చెప్పాడని చేసే పని కాదిది.

లైసెన్స్ కోసం ఒహాయోలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. ముందు రుచి చూద్దాం అనుకుంటే అప్రెంటిస్ లైసెన్స్ ఉంది. దాంతో లైసెన్స్ ఉన్న పెద్దవాళ్ల వెంట మాత్రమే వెళ్లొచ్చు. లైసెన్స్ కాక జింకకి వేరే పర్మిట్ కొనాలి. ప్రైవేటు పొలంలో వేటాడాలంటే యజమాని రాతపూర్వక అనుమతి జేబులో ఉండాలి, నోటిమాట చాలదు. నియమాలు ఏటా కొద్దికొద్దిగా మారతాయి కాబట్టి ఆ ఏటి రూల్స్ పుస్తకం తెరిచి చూడాల్సిందే.

సొంత వాడకానికి తూటాలు తయారు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మితే మాత్రం తయారీదారు లైసెన్స్ కావాలి. "నాకో యాభై చేసిపెట్టు, డబ్బులిస్తా" అని స్నేహితుడు అడిగినా ఒప్పుకోకండి. ఊరికే కూడా ఇవ్వకండి. మీ తుపాకికి సరిపోయిన లోడు అతని తుపాకికి సరిపోతుందన్న గ్యారంటీ లేదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మందు, ప్రైమర్లు దాచుకోవడం గురించి లీజులో ఏముందో కూడా చూసుకోండి.

ఒహాయోలో ఈ తుపాకే ఎందుకు

చాలా ఏళ్లు ఒహాయోలో జింకల మీదకి పొడుగు తుపాకుల్లో షాట్‌గన్, మజిల్‌లోడర్లే (మూతి నుంచి మందు నింపే తుపాకులు). 2014 నుంచి నిటారు కేసు తూటాల రైఫిళ్లని కూడా అనుమతించారు. బుల్లెట్ వ్యాసం .357 నుంచి .50 అంగుళాల మధ్య ఉండాలి, కేసుకి మెడ దగ్గర సన్నబడే భుజం ఉండకూడదు. అందుకే లీవర్ తుపాకి అనగానే అందరికీ గుర్తొచ్చే .30-30 ఇక్కడ జింకకి పనికిరాదు. .44 మాగ్నమ్, .444 మార్లిన్, .45-70 పనికొస్తాయి. మ్యాగజైన్‌లో, చాంబర్‌లో (తూటా పేలే అరలో) కలిపి మూడు తూటాలకి మించి ఉండకూడదు. మ్యాగజైన్ గొట్టంలో ఇంకా పట్టినా సరే, మూడే.

వీటిలో .45-70 తాత. 1873లో అమెరికా సైన్యం స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రాప్‌డోర్ తుపాకి కోసం తెచ్చింది. .45 వ్యాసం, 70 గ్రెయిన్ల నల్లమందు, 405 గ్రెయిన్ల సీసం బుల్లెట్. (7000 గ్రెయిన్లు ఒక పౌండు. గ్రాములో అయితే పదిహేనున్నర గ్రెయిన్లు.) లీవర్ తుపాకుల్లో దీనికి పేరు తెచ్చినవి జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన వించెస్టర్ 1886, ఆ తర్వాత మార్లిన్ 1895. ఇప్పుడు షాపుల్లో కనిపించే మార్లిన్ 1895 పేరుకి పాతదే గానీ, 1972లో వేరే యాక్షన్ (తూటా ఎక్కించి దించే యంత్రాంగం) మీద కొత్తగా మొదలుపెట్టిన మోడల్. 2020లో మార్లిన్‌ని రూగర్ కొన్నాక మళ్లీ నాణ్యంగా వస్తున్నాయి. హెన్రీ కూడా మంచిదే. కొన్ని మోడళ్లలో మ్యాగజైన్ గొట్టాన్ని బయటికి లాగి తూటాలు దించేయొచ్చు, ఆ సుఖం మార్లిన్‌లో లేదు.

కొనేటప్పుడు నేనైతే బరువు చూస్తాను. చేతిలో తేలిగ్గా ఉన్న పొట్టి తుపాకి అడవిలో హాయి. పేల్చేటప్పుడు మాత్రం ఆ తేలికంతా భుజం మీద పడుతుంది. స్కోపు పెట్టుకుంటే కంటికి దూరంగా ఉండేది, తక్కువ పవర్‌ది తీసుకోండి. దగ్గరగా బిగిస్తే కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో గాటు పడుతుంది. రేంజిలో ఆ గాటున్నవాళ్లని చూస్తే ఏం జరిగిందో అడగక్కర్లేదు. పీప్ సైటు (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) అయితే ఈ గొడవే లేదు.

లోడింగ్ పుస్తకంలో మీ పేజీ ఏది?

ఈ ఒక్క విషయం అర్థం కాకపోతే తూటాల తయారీ మొదలుపెట్టొద్దు. లైమన్, హోర్నడీ లాంటి లోడింగ్ మాన్యువల్స్‌లో .45-70కి ఒకే పట్టిక ఉండదు, రెండు మూడు ఉంటాయి. మొదటిది పాత ట్రాప్‌డోర్ తుపాకులకి. నూటయాభై ఏళ్ల నాటి ఉక్కు ఇంకా జనం చేతుల్లో ఉంది కాబట్టే ఈ తూటాకి ప్రామాణిక గరిష్ఠ ఒత్తిడి 28,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఆపారు. రెండోది కొత్త మార్లిన్ లాంటి లీవర్ తుపాకులకి, దాదాపు 40,000 పీఎస్‌ఐ వరకు. మూడోది రూగర్ నంబర్ 1 లాంటి బలమైన సింగిల్-షాట్ తుపాకులకి, అంతకన్నా ఎక్కువ.

మూడింటికీ అదే కేసు, అదే బుల్లెట్, ఒక్కోసారి అదే మందు. తేడా అంతా అంకెల్లోనే. మూడో పట్టికలోని లోడుని లీవర్ తుపాకిలో పెడితే తుపాకీ పోవచ్చు, కన్నూ పోవచ్చు. పేజీ పైన రాసిన తుపాకి పేరు చదివి, మీ పట్టిక చుట్టూ పెన్నుతో గీత గీసుకోండి. 19వ శతాబ్దపు అసలు వించెస్టరో మార్లినో చేతికొస్తే దాన్ని ట్రాప్‌డోర్ కిందే లెక్కేయండి.

ఇక్కడ మందు కొలతలు నేను రాయను. అవి మాన్యువల్ నుంచి, మీ చేతిలో ఉన్న బుల్లెట్ పేరూ మందు పేరూ చూసుకుని తీసుకోవాల్సినవి. ఇంకెవరు చెప్పిన కొలతైనా మాన్యువల్‌తో సరిచూడకుండా వాడొద్దు.

తెల్లతోక జింకకి మొదటి పట్టికలోని లోడ్లే సరిపోతాయి. 405 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 1300 అడుగుల వేగంతో వెళ్తే జింకని ఇటు నుంచి అటు దాటి పోతుంది. రెండో పట్టిక చివరి వరుస దాకా వెళ్లాలన్న సరదా చాలామందికి ఉంటుంది. ఆ అదనపు వేగంతో చచ్చిన జింక ఇంకా చావదు. భుజం మాత్రం ఇంకా నొస్తుంది.

బుల్లెట్: మూతి చదునుగా ఉండాలి

లీవర్ తుపాకి మ్యాగజైన్ గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనక తూటా మూతి ముందు తూటా ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది. తుపాకి వెనక్కి తన్నినప్పుడు ఆ వరసంతా కుదుపుకి గురవుతుంది. మూతి కోసుగా, గట్టిగా ఉంటే అదే ఫైరింగ్ పిన్ పని చేసి గొట్టంలోనే తూటా పేలే ప్రమాదం ఉంది. కాబట్టి చదును మూతి బుల్లెట్లే వాడండి. హోర్నడీ కంపెనీ ఎఫ్‌టీఎక్స్ బుల్లెట్‌ది మాత్రం కోసు మూతే అయినా మెత్తని పాలిమర్‌తో చేసింది, గొట్టంలో వాడటానికే తయారు చేశారు. దానికి ఇంకో మెలిక ఉంది, కింద చెప్తాను.

జింకకి నా ఓటు 300 గ్రెయిన్ల హాలో పాయింట్ (మూతిలో గుంట ఉన్న) బుల్లెట్‌కి గానీ, 405 గ్రెయిన్ల చదును మూతి సీసానికి గానీ. పోత సీసం వాడితే బుల్లెట్ వ్యాసం బ్యారెల్ గాడుల కన్నా ఒక వెయ్యో వంతు అంగుళం ఎక్కువుండాలి, మామూలుగా .459. సన్నగా ఉంటే వేడి వాయువు పక్కల నుంచి జారి, బ్యారెల్ లోపల సీసం పూత కడుతుంది. లోతు తక్కువ గాడులుండే మైక్రో-గ్రూవ్ బ్యారెల్ ఉన్న పాత మార్లిన్ అయితే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

బల్ల మీద పని

కావాల్సినవి: సింగిల్-స్టేజ్ ప్రెస్ (ఒకసారికి ఒకే పని చేసే మర), .45-70 మూడు డైల సెట్టు (డై అంటే అందులో బిగించే ఉక్కు అచ్చు), షెల్ హోల్డర్, తూకం మిషన్, కాలిపర్, కేసు ట్రిమ్మర్, ప్రైమింగ్ టూల్, గరాటు, లోడింగ్ బ్లాకు, కళ్లద్దాలు. లోడింగ్ బ్లాకు అంటే గుంతపొంగనాల పెనంలా వరస గుంటలున్న పలక, కేసులు నిలబెట్టడానికి. లీ, ఆర్‌సీబీఎస్ వాళ్లు వీటిలో చాలా వరకు కలిపి కిట్‌గా అమ్ముతారు. వేగంగా చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్ జోలికి మొదటే పోకండి. వేటకి ఏడాదికి ఎన్ని తూటాలు కావాలి గనక?

బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలి. ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. పిల్లలు పడుకున్నాక చేసుకోండి. అలసటగా ఉన్న రోజు అసలు వద్దు. పాత ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది, అందుకని బల్ల దగ్గర టీ, చిరుతిళ్లు వద్దు, లేచాక చేతులు సబ్బుతో కడగండి. కేసుల్ని పొడిగా దొర్లించి శుభ్రం చేస్తే ఆ ధూళి ఇల్లంతా లేస్తుంది. నీళ్లలో వేసి శుభ్రం చేయడం మేలు.

1. కేసులు ఏరుకోండి. మూతి దగ్గర చీలిక, కింద అంచుకి కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనిపిస్తే పారేయండి. ఆ గీత అంటే ఇత్తడి లోపల పల్చబడి తెగడానికి సిద్ధంగా ఉందని. పేపర్ క్లిప్పు కొనని కొక్కెంలా వంచి లోపలి గోడ మీద గీరితే గుంట తగులుతుంది.

2. నూనె రాసి సైజు చేయండి. .45-70 కేసు చూడటానికి నిటారే గానీ కింద కొంచెం లావు, పైన సన్నం. నూనె లేకుండా డైలోకి తోస్తే ఇరుక్కుపోతుంది, తీయడం పెద్ద తలనొప్పి. వేళ్లతో పల్చగా రాస్తే చాలు. మొత్తం పొడవునా సైజు చేయండి. బోల్ట్ తుపాకికి ఉన్నంత తోసే బలం లీవర్‌కి ఉండదు. బిగుతుగా ఉన్న తూటా సరిగ్గా జింక ముందుకొచ్చినప్పుడే చాంబర్‌లో ఆగిపోతుంది.

3. పొడవు సరిచేయండి. గరిష్ఠం 2.105 అంగుళాలు. 2.095కి కోసుకుంటే సరి. కేసులన్నీ ఒకే పొడవు ఉండటం ముఖ్యం, కారణం క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ మీదికి మడిచి బిగించడం) దగ్గర తెలుస్తుంది. పైన చెప్పిన ఎఫ్‌టీఎక్స్ మెలిక ఇక్కడే: ఆ బుల్లెట్ మూతి పొడవు కాబట్టి, దానికి కేసుని దాదాపు 2.040కి పొట్టిగా కోయాలి. అలా కోసిన కేసుల్ని మామూలు బుల్లెట్లకి వాడితే సైజులు కలగాపులగం అయిపోతాయి. వేరే డబ్బాలో పెట్టండి.

4. మూతి విప్పండి. రెండో డై కేసు మూతిని కాస్త వెడల్పు చేస్తుంది. బుల్లెట్ అడుగు మూతిలో నిలబడేంత చాలు. తక్కువైతే సీసం గీసుకుపోతుంది, ఎక్కువైతే నాలుగు వాడకాలకే మూతి చీలుతుంది.

5. ప్రైమర్ పెట్టండి. లార్జ్ రైఫిల్ ప్రైమర్. కేసు అడుగు మట్టం కన్నా ఒక వెంట్రుక లోపలికి ఉండాలి. ప్రతి కేసు అడుగునీ వేలి కొసతో తడమండి. పైకి పొడుచుకు వచ్చిన ప్రైమర్ గొట్టం మ్యాగజైన్‌లో ఉండకూడని వస్తువు.

6. మందు పోయండి. ఈ అడుగుకి తొందర పనికిరాదు. .45-70 నల్లమందు కాలంలో పుట్టింది కాబట్టి కేసు లోపల చోటు చాలా ఎక్కువ. పొగలేని మందు అందులో కొంతే నింపుతుంది. త్వరగా మండే పిస్తోలు మందు అయితే అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పై నుంచి చూస్తే తెలియకపోవచ్చు. ఈ తూటాకి అన్నిటికన్నా భయపడాల్సింది దీనికే. అందుకని చోటు ఎక్కువ తీసుకునే రైఫిల్ మందు ఎంచుకోండి. ఐఎంఆర్ 3031, వార్గెట్ లాంటివి మాన్యువల్ కొలతకే కేసులో చాలా భాగం నింపుతాయి. రెండోసారి పోస్తే బయటికి పొర్లి మిమ్మల్ని పట్టిస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. కొంచెం మందు పెద్ద కేసులో అటూ ఇటూ జారుతుంటే, తుపాకి ఎత్తి దించినప్పుడల్లా వేగం మారుతుంది. నిండుగా ఉంటే జారదు.

తూకం మిషన్‌ని మొదట తెలిసిన బరువుతో సరిచూడండి. మందు పోయని కేసుల్ని బ్లాకులో తలకిందులుగా పెట్టండి. ఒక్కోటి తీసి, మందు పోసి, మూతి పైకి నిలబెట్టండి. అన్నీ అయ్యాక టార్చిలైటు పట్టుకుని ప్రతి కేసులోకీ తొంగి చూడండి. మందు మట్టం అన్నిట్లో ఒకేలా ఉండాలి. ఒక్కదాంట్లో తేడా కనిపించినా అది డబ్బాలోకి తిరిగి పోయాల్సిందే. మధ్యలో ఎవరైనా పిలిచి లేచి వెళ్తే, తిరిగొచ్చాక చేతిలో ఉన్న కేసు ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టండి. ఐఎంఆర్ 4198, హెచ్ 4198 అని రెండున్నాయి, అంకె ఒకటే గానీ మందులు వేరు. ఒకదాని కొలత ఇంకోదానికి వాడొద్దు.

7. బుల్లెట్ దించి, క్రింప్ చేయండి. మొత్తం పొడవు 2.550 అంగుళాలు దాటకూడదు, దాటితే మార్లిన్ యాక్షన్‌లో తిరగదు. బుల్లెట్ దించడం ఒక విడత, క్రింప్ ఇంకో విడతగా చేయండి. రెండూ ఒకేసారి చేస్తే మూతి ముడుచుకుంటుండగా బుల్లెట్ ఇంకా కిందికి దిగుతుంది, సీసం గీసుకుంటుంది. లీవర్ తుపాకికి క్రింప్ తప్పనిసరి. గొట్టంలో స్ప్రింగు ముందు నుంచి వెనక్కి నొక్కుతుంది, పేల్చినప్పుడల్లా తన్ను తగులుతుంది. పట్టు లేని బుల్లెట్ కేసులోకి దిగిపోతే లోపలి ఒత్తిడి పెరిగిపోతుంది. కేసు మూతి బుల్లెట్ మీది గాడిలోకి నున్నగా మడవాలి. కేసులు ఒక్కో పొడవు ఉంటే ఒకదానికి పట్టు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అవుతుంది. మూడో అడుగులో కాలిపర్ పట్టుకుని సతాయించింది ఇందుకే.

దీన్ని పరీక్షించడానికి ప్రైమర్, మందు లేని ఉత్త తూటాలు రెండు ముందే చేసి పెట్టుకోండి. పొడవు కొలిచి, బుల్లెట్ మూతిని చెక్క బల్ల కేసి గట్టిగా నొక్కి, మళ్లీ కొలవండి. పొడవు తగ్గిందంటే క్రింప్ చాలదు. తర్వాత వాటినే మ్యాగజైన్ గొట్టంలో వేసి లీవర్ తిప్పండి. ఎక్కడా ఆగకుండా ఎక్కాలి, దిగాలి. ఈ పరీక్షకి నిజం తూటాలు ఇంట్లో ఎప్పుడూ వాడొద్దు. ఉత్త తూటాల కేసు పక్కన రంధ్రం వేసి ఉంచితే చూడగానే గుర్తుపట్టొచ్చు.

డబ్బా మీద తేదీ, బుల్లెట్, మందు, బరువు, ప్రైమర్ రాసి అంటించండి. మందునీ ప్రైమర్లనీ కంపెనీ డబ్బాల్లోనే, వేడి తగలని చోట, వేరువేరుగా తాళం వేసి పెట్టండి.

రేంజిలో

మాన్యువల్లో మొదలు కొలత అని ఒకటి ఉంటుంది, అక్కడి నుంచే ప్రారంభించండి. ఐదేసి తూటాలు చేసి, కొంచెం కొంచెం పెంచుతూ పోండి. ప్రైమర్ చదునైందా, కేసు ఉబ్బిందా అని చూస్తూ పోవడం బోల్ట్ తుపాకిలో కొంత పనికొస్తుంది. లీవర్ తుపాకిలో ఆ గుర్తులు కనిపించేసరికే హద్దు దాటిపోయి ఉంటారు. లీవర్ తెరవడానికి బిగుతుగా ఉంటే అక్కడితో ఆపి, మిగిలిన తూటాలు విప్పేయండి. పట్టికలోని హద్దే హద్దు.

ఎక్కడ ఆపాలి? వంద గజాల దగ్గర మూడు అంగుళాల లోపు పడుతున్న మొదటి లోడు దగ్గర. అక్కడి నుంచి పైకి పోవడానికి నాకు కారణం కనపడదు. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉంటే వేగం రాసుకోండి.

ఈ బుల్లెట్ దారి ఎంత వంపో కళ్లతో చూసి తెలుసుకోవాలి. 405 గ్రెయిన్ల బుల్లెట్‌ని 1300 అడుగుల వేగంతో వంద గజాలకి గురి సరిచేస్తే, రెండు వందల గజాల దగ్గర దాదాపు రెండడుగులు కిందికి పడుతుంది. దూరాన్ని ఒక ముప్పై గజాలు తప్పుగా అంచనా వేస్తే గుండె బదులు ఇంకెక్కడో కిందికి తగులుతుంది. అందుకే నూట పాతిక గజాలు దాటి పేల్చకూడదని ముందే ఒక నియమం పెట్టుకోండి. ఆరంగుళాల పేపర్ ప్లేటు పెట్టి, బల్ల మీద కాకుండా కూర్చుని, మోకాలి మీద, చెట్టుకి ఆని పేల్చి చూడండి. ప్లేటు తప్పని దూరమే మీ వేట దూరం, అది డెబ్భై గజాలైతే డెబ్భైయే. ఒక పూటకి పది తూటాలు చాలు. మిగతా సాధనంతా .22 లీవర్ తుపాకితో చేయండి, చేతికి అదే అలవాటు వస్తుంది, భుజం బతుకుతుంది.

1980ల నుంచి వచ్చిన మార్లిన్లలో హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి) సగం ఎత్తి ఆపే హాఫ్-కాక్‌తో పాటు పక్కన నొక్కే క్రాస్-బోల్ట్ సేఫ్టీ కూడా ఉంటుంది. ఆ సేఫ్టీ వేసి ఉన్నా హ్యామర్ మామూలుగానే లేస్తుంది, మామూలుగానే పడుతుంది. కాకపోతే "టక్" మంటుంది అంతే, తూటా పేలదు, ఆ చప్పుడుకి జింక పోతుంది. ఏ సేఫ్టీ ఎప్పుడు తీయాలో రేంజిలోనే అలవాటు చేసుకోండి. హ్యామర్ మెల్లగా దించడం కూడా అక్కడే, బ్యారెల్ నేల వైపు పెట్టి, ఖాళీ తుపాకితో నేర్చుకోండి. చలికి బిగుసుకున్న బొటనవేలితో అడవిలో మొదటిసారి ప్రయత్నించే పని కాదది.

అడవిలో

ఒహాయోలో తుపాకితో జింకల వేటకి కేటాయించిన గన్ వీక్ థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలవుతుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటాడొచ్చు. నారింజ రంగు వెస్టు గానీ కోటు గానీ తప్పనిసరి. కొలంబస్‌లో ఉండేవాళ్లకి ఆగ్నేయ దిక్కున, ఏథెన్స్ చుట్టుపక్కలున్న వేన్ నేషనల్ ఫారెస్ట్ పబ్లిక్ భూమి. గుట్టలు, ఓక్ చెట్లు, దట్టమైన పొదలు. చూపు ఆనే దూరమే తక్కువ, మన తుపాకికి అనువైన చోటు.

రోడ్డు నుంచి దూరంగా, ఓక్ కాయలు రాలిన గట్టు వెతకండి. నేల మీద గీరిన ఆకులు, పెంటికలు, జింకలు నడిచిన సన్న దారి కనిపిస్తాయి. గాలి అటు నుంచి మీ మీదకి వీచేలా కూర్చోండి. జింక మిమ్మల్ని చూసినా ఒక్కోసారి నిలబడుతుంది, వాసన తగిలితే నిలబడదు. మొదటి రోజు మిగతా హంటర్లు అటూ ఇటూ నడుస్తుంటారు, ఆ అలికిడికి జింకలు లేచి దట్టమైన పొదల్లోకి వస్తాయి. అక్కడ ముందే కూర్చుని ఉన్నవాళ్లకి ఆ రోజు అదృష్టం.

ట్రీ స్టాండ్ (చెట్టు మీది మంచె) ఎక్కేటప్పుడు, కంచె దాటేటప్పుడు తుపాకి పూర్తిగా ఖాళీ చేయాలి. పైకెక్కి హార్నెస్ కట్టుకున్నాక తాడుతో లాక్కోండి.

జింక పక్కకి తిరిగి నిలబడితేనే పేల్చండి. ముందు కాలికి సరిగ్గా వెనక, ఛాతీలో కింద నుంచి మూడో వంతు ఎత్తు. వెనకాల మట్టి ఉండాలి, గట్టు మీద ఆకాశం నేపథ్యంగా నిలబడ్డ జింక ఎంత పెద్దదైనా వదిలేయాలి. పేల్చిన వెంటనే, తుపాకి భుజం మీద నుంచి దించకుండా లీవర్ తిప్పి మళ్లీ సిద్ధంగా ఉండండి. ఈ బుల్లెట్ తగిలినా జింక చాలాసార్లు యాభై అరవై గజాలు పరిగెత్తుతుంది. అది చివరిసారి కనిపించిన చెట్టుని గుర్తు పెట్టుకుని, అరగంట కదలకుండా కూర్చోండి. బుల్లెట్ అటు వైపు నుంచి బయటికి వెళ్లి ఉంటే నెత్తుటి జాడ చక్కగా కనిపిస్తుంది. మనం బరువైన బుల్లెట్ ఎంచుకున్నది సగం ఇందుకే.

మాంసం

జింకకి ట్యాగ్ వెంటనే వేయాలి. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపు గేమ్ చెక్ చేయాలి (అంటే జింకని కొట్టినట్టు రాష్ట్రానికి తెలపాలి), ఫోన్‌లో అయిపోతుంది. పేగులు అక్కడికక్కడే తీసేయండి. పొట్ట చర్మం కోసేటప్పుడు కత్తి పదును పైకి పెట్టి, రెండు వేళ్ల మధ్య నుంచి నడిపితే పేగు తెగదు. ఛాతీ తెరిచి గాలి తగలనివ్వండి. డిసెంబర్ చలి ఉంది కదా అని తోలుతో పాటు గరాజులో రోజుల తరబడి వేలాడదీయకండి, పగలు వేడెక్కితే తొడ ఎముక దగ్గర మొదట చెడుతుంది.

బుల్లెట్ తగిలిన చోటు చుట్టూ చేతి వెడల్పు మాంసం మొహమాటం లేకుండా కోసి పారేయండి. సీసం చిన్న ముక్కలు కంటికి కనపడకుండా దూరం దాకా పోతాయి. చిన్న పిల్లలున్న ఇల్లైతే సీసం లేని రాగి బుల్లెట్ల గురించి ఆలోచించండి, చదును మూతితో ఈ తూటాకి కూడా దొరుకుతాయి. జింకలకి వచ్చే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ ఒహాయో అడవి జింకల్లో మొదట 2020లో వయాండాట్ కౌంటీలో బయటపడింది. ఆ చుట్టుపక్కల కౌంటీల్లో వేటాడితే టెస్టు చేయించి, ఫలితం వచ్చే వరకు మాంసం ఫ్రీజర్‌లోనే ఉంచండి. జింక మాంసంలో కొవ్వు లేదు. తొడ, జబ్బ ముక్కలు మేక మాంసం కన్నా ఎక్కువసేపు కుక్కర్‌లో ఉండాలి, గోంగూరతో బాగా కుదురుతుంది. వెన్ను మాంసం మాత్రం కుక్కర్‌లో వేసి పాడు చేయకండి, పెనం మీద త్వరగా వేయించుకోవాలి.

ఇండియా టిక్కెట్టు ఉంటే

గన్ వీక్ అయిన రెండు మూడు వారాలకే చాలామందికి సంక్రాంతి ప్రయాణం ఉంటుంది. రేంజికీ వేటకీ వాడిన బ్యాగు, జాకెట్టు ప్రయాణానికి వాడొద్దు, కొత్తగా ఉతికినా సరే. లైనింగ్‌లో జారిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో పడితే, ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. "మర్చిపోయానండీ" అని చెప్పాల్సింది అప్పుడు కోర్టులోనే. పేల్చేసిన ఖాళీ కేసుని కీ చెయిన్ చేసి బావమరిదికి పట్టుకెళ్దామన్న ఆలోచన కూడా మానుకోండి. వేట సామానుకి రంగు వేరే బ్యాగు ఒకటి కొని, అది గరాజు దాటి ఇంట్లోకి రాకుండా చూసుకోండి. సూట్‌కేసులు సర్దే ముందు ఇంట్లోవాళ్లకి కూడా ఆ బ్యాగు ఏదో చూపించండి.